గోరింకలు కాపలా కాసిన గోడ

మా వంటింటి గోడకి ఎగ్జాస్ట్ ఫ్యాను ఉండాల్సిన కన్నం ఒకటుంది. ఫ్యాను చెడిపోతే తీయించేశాను. కొత్తది ఇవాళ పెట్టిద్దాం, రేపు పెట్టిద్దాం అనుకుంటుండగానే చైత్రం వచ్చింది. గోరింకల జంట ఒకటి వచ్చి ఆ కన్నాన్ని సొంతం చేసుకుంది. ఇప్పుడు తెల్లారకముందే మొదలవుతుంది వాటి గోల. ఒకటి గరగరలాడుతుంది, ఇంకోటి ఈల వేస్తుంది, పిల్లలు పుట్టాక ఆ గోలకి అంతు లేకుండా పోయింది. ఫోన్లో మాట్లాడుతుంటే అవతలివాళ్లు "ఎక్కడున్నారండీ, తోటలో ఉన్నారా?" అని అడుగుతున్నారు.

అమలాపురంలో ఈ ఫ్లాటుకి వచ్చి చాలా ఏళ్లయింది. ఇందులో నేను తప్ప ఎవరూ ఉండరు. అందుకే కాబోలు నా గోడకన్నం గురించి అందరికీ అభిప్రాయాలున్నాయి. కింద ఉండే ఆవిడ వచ్చి, ఇంట్లో పిట్ట గూడు పెడితే ఇంటివాళ్లకి మంచిది కాదని చెప్పింది. పై అంతస్తు ఆయన మెట్ల మీద ఆపి, గోరింక వచ్చిందంటే లక్ష్మి వచ్చినట్టే అన్నాడు. ఇద్దర్నీ ఆధారం అడిగాను. ఇద్దరూ నన్ను ఒకేలా జాలిగా చూశారు. కిటికీలకి వలలు కొట్టే కుర్రాడు వస్తే, పిల్లలు ఎగిరిపోయాక రమ్మని పంపేశాను.

ఆధారం అడగడమే నా బతుకైపోయింది. శకునాల మీద, ముహూర్తాల మీద, పోయినవాళ్ల పేరు చెప్పి ఉన్నవాళ్లని పీడించే తంతుల మీద రాశాను, వేదికలెక్కి వాదించాను, కొన్నిచోట్ల తిట్లు తిన్నాను. ఈ పిచ్చి ఎక్కడ అంటుకుందని అడిగినవాళ్లకి ఫలానా ఉపన్యాసం వినడం వల్లనీ, ఫలానా పుస్తకం చదవడం వల్లనీ చెబుతూ వచ్చాను. అది సగం నిజం. అసలు ఈ పిచ్చి నాకు మా అత్త దగ్గర అంటుకుంది. మా దొడ్లో, సరిగ్గా ఇలాంటి గోల మధ్యే.

ఆ వేసవి మా అమ్మ పురిటికి వాళ్ల పుట్టింటికి వెళుతూ నన్ను మా మామ్మ దగ్గర దింపేసింది. నాన్నకి ఊరూరూ తిరిగే ఉద్యోగం. వీధిలో నా ఈడు పిల్లలందరూ సెలవులకి వాళ్ల వాళ్ల అమ్మమ్మల ఊళ్లు వెళ్లిపోయారు. పెంకుటింట్లో నేనూ, మామ్మా, పెదనాన్నా, పెద్దమ్మా, పెళ్లీడుకొచ్చిన వాళ్లమ్మాయి అక్కా, మా అత్తా ఉండేవాళ్లం. ఇంటినిండా మనుషులే కానీ నాతో మాట్లాడడానికి ఎవరికీ తీరేది కాదు. మామ్మ ఆవకాయ హడావిడిలో ఉండేది. రోట్లో ఆవాలు దంచుతుంటే ఇల్లంతా తుమ్ములు. మామిడి ముక్కలు ఆరేసిన చాప దగ్గర కాపలా పని నాకు ఇచ్చారు. కాపలా మనిషే దొంగైతే ఏం మిగులుతుంది? సాయంత్రానికి పళ్లు పులిసిపోయి అన్నం నమలలేక దొరికిపోయేదాన్ని.

మా అత్తకి మాత్రం నాతో కూర్చునేంత తీరిక ఉండేది. అంటే పని లేదని కాదు. పొద్దున్నే వాకిలి ఊడ్చేదీ, పనసపొట్టు సన్నగా కొట్టి ఆవపెట్టి కూర వండేదీ, అంట్లు తోమేదీ ఆవిడే. అయినా ఆవిడతో ఎవరూ తీరుబడిగా కూర్చుని మాట్లాడేవారు కాదు. పని చెప్పడానికి మాత్రమే పిలిచేవారు.

అత్త మా నాన్న చెల్లెలు. పెళ్లైన ఏడాదికే మావయ్య బొంబాయి వెళ్లి, అక్కణ్ణుంచి గల్ఫుకి వెళ్లాడు. మొదట్లో ఒకసారి ఎవరి చేతో ఒక నైలాన్ చీరా, సెంటు సీసా పంపించాడు. తర్వాత కబురు లేదు. ఓడలో పనికి కుదిరాడని ఒకరు, జైల్లో పడ్డాడని ఒకరు, అక్కడే ఎవర్నో చేసుకున్నాడని ఇంకొకరు చెప్పారు. అత్తవారు కొన్నాళ్లు ఉంచుకుని ఆవిణ్ణి పుట్టింటికి పంపేశారు. అత్త నుదుట బొట్టుంది, మెడలో పుస్తెలున్నాయి, చేతులకి మట్టిగాజులున్నాయి. మనిషి మాత్రం లేడు.

ఆ సెంటు సీసా ఖాళీ అయిపోయి ఏళ్లయింది. మధ్యాహ్నాలు ఒక్కోసారి దాని మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టి, "ఏవైనా వస్తందేమో చూడవే" అనేది. నేను గట్టిగా పీల్చి, ఏమీ లేదత్తా అనేదాన్ని. "కదా. నాక్కూడా రావట్లేదు" అని మూత పెట్టేసేది. లేని వాసన ఉందనుకునే మనిషి కాదు మా అత్త. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

దొడ్లో నుయ్యి ఉంది. నూతికి ఆవల నడుమెత్తు గోడ. గోడని ఆనుకుని తల లేని కొబ్బరిమోడు. ఎప్పటిదో గాలివానకి మొవ్వు విరిగి పడిపోతే, మిగిలిన మానుని నరికించడానికి ఎవరికీ బుద్ధి పుట్టలేదు. వడ్రంగిపిట్ట దానికి తొర్ర పెట్టింది, అది వదిలేశాక గోరింకలు చేరాయి. అత్త చిక్కు తీసి పారేసిన వెంట్రుకలు కూడా ముక్కున కరుచుకుని తొర్రలోకి పట్టుకుపోయేవి. పిట్ట గూట్లో మన వెంట్రుకలుంటే తలనొప్పి తగ్గదని మామ్మ గోల పెట్టేది. తలనొప్పి ఎప్పుడూ మామ్మకే వచ్చేది.

అన్నాలయ్యాక అందరూ నడుం వాల్చేవారు. వేపపూత వాసనా, చెరువులో నానేసిన కొబ్బరిపీచు కుళ్లు వాసనా కలిసి గాలాడక నిలబడేవి. అప్పుడు అత్తా నేనూ నూతి చప్టా మీద కూర్చునేవాళ్లం. అత్త గుప్పెడు అన్నం తెచ్చి గోడ మీద పెట్టేది. గోరింకలు రెండూ పసుపు కాళ్లతో పెద్దమనుషుల్లా నడిచొచ్చి తినేవి. కాసేపటికి పక్క తోటలోంచి కాకి వచ్చేది. అంతే. రెండూ రెక్కల్లోని తెల్లమచ్చలు కనబడేలా లేచి, ప్రాణం పోతున్నట్టు అరుస్తూ కాకి నెత్తి మీద పడేవి. కాకి వాటికి రెండింతలుంటుంది, అయినా పారిపోయేది. తొర్రలో పిల్లలున్నాయి మరి. కాకి గుడ్లూ పిల్లలూ ఎత్తుకుపోతుంది. రోజూ ఇదే తంతు. కొన్నాళ్లకి కాకులు దూరంగా కొబ్బరాకుల మీద కూర్చుని చూడటమే తప్ప గోడ దాకా రావడం మానేశాయి. నేను నవ్వేదాన్ని. అత్త నవ్వేది కాదు, చాలా శ్రద్ధగా చూసేది. పక్షుల్ని అంత శ్రద్ధగా చూడటం ఎందుకో అప్పుడు నాకు తెలియదు.

అక్కకి కొత్తపేట వైపు సంబంధం వచ్చింది. పిల్ల నచ్చింది, అన్నీ కుదిరాయి, ఒక్క సంగతి దగ్గర ఆగింది. ఇంట్లో మా అత్తని చూసిన పెళ్లివారి ఆడవాళ్లు, ఆవిడ ముత్తైదువా కాదా అని అడిగారట. రేపు పెళ్లిలో పసుపు దంచడానికి పిలవాలా, పక్కన కూర్చోబెట్టాలా? ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. మా పెదనాన్న తేల్చడానికి బయలుదేరాడు. మనిషి కబురు లేకుండా పుష్కరం దాటితే దర్భలతో బొమ్మ చేసి దహనం చేసి, కర్మ జరిపించేయాలని పంతులుగారు చెప్పారు. ఆలమూరు దగ్గరుండే మావయ్య తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు. పదో రోజు పిండాన్ని కాకి ముట్టాలి. ముట్టాక అత్త బొట్టు చెరిపి, గాజులు పగలగొట్టి, పుస్తెలు తెంపాలి. ఇదీ తేల్చడం అంటే.

ఆ మాట చెప్పిన రాత్రి అత్త పెదనాన్న ఎదురుగా నిలబడటం నేను చూశాను. అన్నయ్య ముందు అలా నిలబడటం అదే మొదటిసారి అనుకుంటాను.

"ఆయన పోయేరని మీకెవరు చెప్పేరన్నయ్యా?" అంది.

"ఉన్నాడని నీకెవరు చెప్పేరమ్మా?" అన్నాడు పెదనాన్న.

"ఎవరూ చెప్పలేదండి. తెలీదు అంటన్నాను. తెలీనప్పుడు తెలీదనే ఉండనివ్వండి."

వాదనలో ఇంతకంటే గట్టి మాట నేను తర్వాత ఏ సభలోనూ వినలేదు. పెదనాన్న మాత్రం, ఇన్నేళ్లుగా నీకు తిండి పెడుతున్నదెవరని అడిగాడు. జవాబు లేనివాళ్లు ఎప్పుడూ అక్కడికే వస్తారు. అత్త తలొంచుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ, పోనీలెండి, మీ ఇష్టమే కానివ్వండి, అంది. పెదనాన్న కుదుటపడ్డాడు. అత్త వెళ్లబోతూ ఆగి, మామూలుగా ఇంకో మాట అంది. పిండం కాలవ రేవులో పెడదామంటే వేసవికి కాలవ కట్టేశారు, చుక్క నీళ్లు లేవు. గోదావరి రేవుకి పోతే ఊరంతా చూస్తుంది, పెళ్లివారి చెవిన ఎలా పడుతుందో ఏమో. దొడ్లో నూతి దగ్గరైతే గుట్టుగా అయిపోతుంది కదా అంది. పెదనాన్నకి ఆ మాట ఎంత నచ్చిందంటే, దీనికి బుద్ధుందర్రా అని పెద్దమ్మతో చెప్పుకున్నాడు. పంతులుగారు కాస్త నసిగారు కానీ ఎండలో రేవు దాకా నడిచే బాధ తప్పిందని ఆయనా సరేనన్నారు.

దహనం అత్త మరిదిగారు, అదే ఆ తమ్ముడు, వాళ్ల ఊళ్లోనే కానిచ్చేశాడు. పదో రోజున ఆయన మా ఇంటికి వచ్చాడు. నూతి దగ్గర వండి, పిండం చేసి, అరిటాకులో గోడ మీద పెట్టాడు. ఎక్కడ పెట్టమంటారని అడిగితే అత్తే వేలు పెట్టి చూపించింది. నీడగా ఉంటుందండీ, ఆకు ఎండిపోదు అంది. పెద్దమ్మా, పిలిపించిన ఇద్దరు ముసలి ఆడవాళ్లూ తెల్లచీర పట్టుకుని వసారాలో కూర్చున్నారు. అత్త గడప దగ్గర కూర్చుంది. నేను ఆవిడ పక్కనే.

మగవాళ్లు దూరంగా జరిగి నిలబడి కాకి కోసం ఎదురుచూశారు. గోరింకలు వచ్చాయి. రోజూ వచ్చే వేళే అది. పిండం ఒక పక్కన పొడిచి, ముద్ద ముక్కున పెట్టుకుని తొర్రలోకి పోయాయి. పిల్లల అరుపులు మిన్నంటాయి.

పెదనాన్న పంతులుగారి వైపు చూశాడు. "పక్షి ముట్టింది కదండీ?"

"ఆయ్, ముట్టింది."

"మరి చెల్లినట్టేనా అండి?"

పంతులుగారు తల అడ్డంగా ఊపారు. "శాస్త్రం వాయసం అందండి. గోరింక అనలేదు."

"గోరింకా పక్షే కదండీ."

"కోడీ పక్షేనండి. కోడికి పెడతామా?"

మరిదిగారికి నవ్వొచ్చి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఈలోగా కాకి ఒకటి దిగబోయింది. అందరూ ఊపిరి బిగబట్టారు. గోరింకలు రెండూ తొర్రలోంచి దూసుకొచ్చి దాన్ని తోట దాటేదాకా తరిమాయి. ఇంకోటి వచ్చింది, దానికీ అదే గతి. పెదనాన్న కాయలు కోసే గెడ తెచ్చి గోరింకల్ని అదిలించాడు. గెడ చూసి చుట్టుపక్కల చెట్ల మీదున్న కాకులన్నీ కూడా లేచిపోయాయి. పాపం, ఆయన గెడ దించితే గోరింకలు, ఎత్తితే ఎవరూ లేరు.

ఎండ ముదిరింది. పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందన్నాడు ఒకాయన. నీ భార్యని మేం చూసుకుంటాం అని చెప్పమన్నారు, పెదనాన్న గోడ వైపు తిరిగి దండం పెట్టి చెప్పాడు. తమ్ముడేమైనా బాకీ ఉన్నాడేమో అని అడిగారు, మరిదిగారు కంగారుగా లేదన్నాడు. కాకి రాలేదు. ఇంతమంది పెద్దవాళ్లు, ఇంత తెలివైనవాళ్లు, కళ్లెదుట జరుగుతున్నది ఎందుకు చూడలేకపోతున్నారో నాకు అర్థం కాలేదు. తొర్రలో పిల్లలున్నాయి, అందుకే కాకిని రానివ్వట్లేదు, గోడకి ఆ చివర పెడితే చాలు! ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. చెబితే అందరూ నన్ను మెచ్చుకుంటారు కూడా. నేను లేచి నిలబడి నోరు తెరిచాను.

తెరిచిన నోట్లో అత్త బెల్లం ముక్క పెట్టింది. చీర కొంగున ఎప్పుడు ముడేసుకుందో తెలియదు. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పెద్ద ముక్క. అది కరిగేదాకా నేను మాట్లాడలేకపోయాను. ఆవిడ నా వైపు చూడలేదు. గోడ వైపే చూస్తోంది, చేతి పట్టు మాత్రం వదల్లేదు.

చివరికి లేచింది మా మామ్మ. పొద్దుట్నుంచీ ఒక్క మాట మాట్లాడని మనిషి, తెల్లచీర పట్టుకున్న వాళ్ల దగ్గరికి వెళ్లి చీర లాగేసుకుంది.

"నా అల్లుడు బతికే ఉన్నాడు. లేకపోతే కాకెందుకు ముట్టదు? ఇక దీని బొట్టు జోలికి ఎవరొచ్చినా నేను నూతిలో దూకుతాను" అంది.

పంతులుగారు ఆ మాట కోసమే చూస్తున్నట్టు, "ఆయ్, ప్రాణమున్నవాడి పిండం కాకి ముట్టదండి. అమ్మగారు చెప్పింది సబబే" అన్నారు. పెదనాన్న గెడ పట్టుకుని నిలబడిపోయాడు. ఆయన నమ్మకమే ఆయన్ని ఓడించింది. కొత్తపేట వాళ్లు కూడా కాకి సాక్ష్యాన్ని కాదనలేదు. పెళ్లి జరిగింది. అత్త చేత పసుపు దంచించారు. తలంబ్రాలు మాత్రం ముట్టనివ్వలేదు. ఎందుకైనా మంచిదన్నారు.

ఆ సాయంత్రం నూతి దగ్గర అంట్లు తోముతున్న అత్తని అడిగాను, మావయ్య నిజంగా బతికే ఉన్నాడా అని.

"కాకికేం తెలుసే" అంది. "గోరింకలకి పిల్లలున్నాయి, అంతే."

"మరి నన్నెందుకు చెప్పనివ్వలేదు?"

గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని, అప్పుడు చెప్పింది. "నా నోటితో నేను చెప్పేను, వినబడిందా వాళ్లకి? కాకి చెబితే వినబడింది. ఇక ఊరుకో."

కొన్నాళ్లకి గోరింక పిల్లలు ఎగిరిపోయాయి. పెద్దవి కూడా వాటి వెనకే పోయాయి. ఆ మధ్యాహ్నం దొడ్డి నిశ్శబ్దమైపోయింది. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. అత్త అలవాటుగా అన్నం తెచ్చి గోడ మీద పెట్టింది. చాలాసేపటికి కాకి వచ్చి తినేసింది. అత్త దాన్ని తరమలేదు. మోడు వైపు ఒకసారి చూసి లోపలికి వచ్చేసింది. అత్తకి ఇక ఎదురుచూడటానికి ఆ పూట ఏమీ లేదని నాకు అనిపించింది. నాకూ ఏడుపొచ్చింది. అమ్మ ఇంకా రాలేదు.

ఇరవై దాటాక నాకు సభలూ వాదాలూ వంటబట్టాయి. ఒకసారి ఊరెళ్లినప్పుడు అత్తని నిలదీశాను. నువ్వు గెలిచిందేమిటి, బొట్టేగా? ఆ రోజే అందరి ముందూ నిజం చెప్పి, ఆ పుస్తెలు నువ్వే తీసేసి, నచ్చినవాణ్ణి చేసుకోవాల్సింది, నీ బతుకంతా ఒక్కదానివే ఇలా గడిపేశావు అని ఉపన్యాసమే ఇచ్చాను. నేను అప్పటికే బొట్టు మానేశాను, ఎవరికోసమూ కాదు, నాకే అక్కర్లేక. అత్త పొట్టిక్కలకి, అంటే ఆకుల్లో ఉడికించే ఇడ్లీలకి, పనసాకు బుట్టలు కుడుతోంది. అంతా విని, "నువ్వు పెట్టుకోకపోవడం, నేను తీయకపోవడం ఒకటేనే" అంది. "మన మొహం మీద ఏముండాలో మనం అనుకున్నాం. ఇక ఒంటరంటావా" అని ఆగి, ఈనెపుల్ల పళ్లతో తుంచి, బుట్ట నా ముందు పెట్టింది. "నీ దగ్గరెవరున్నారే?"

నేను తిండి గురించి మాట్లాడాను.

అత్త మొన్నమొన్నటి దాకా బతికింది. ముసలితనంలో కూడా పావలా కాసంత బొట్టు. ఒక కార్తీకంలో పోయింది. ఈ తంతులకి నేను ఎక్కడికీ వెళ్లను, దానికి వెళ్లాను. మోడు ఎప్పుడో పోయింది, నుయ్యి పూడ్చేశారు, గోడ స్థానంలో సిమెంటు ప్రహరీ ఉంది. పెదనాన్న మనవడు దాని మీద పిండం ఆకు పెట్టి వెనక్కి జరిగాడో లేదో, కాకి వచ్చి వాలింది. తడబాటు లేకుండా తింది. చుట్టూ ఉన్నవాళ్లు కళ్లొత్తుకున్నారు. చూశారా, ఎంత పుణ్యాత్మురాలో, ఏ కోరికా మిగల్లేదు మనిషికి, అన్నారు.

గోరింకలు గూడు పెట్టే కాలం కాదది. అంతే. ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. జీవితమంతా ఆ ముక్కే చెబుతూ వచ్చినదాన్ని, అలవాటుగా నోరు తెరిచాను. బెల్లం పెట్టే చెయ్యి లేదు.

అయినా, ఏమీ అనకుండా మూసుకున్నాను.